కట్టవతలి వాకిళ్ళు

మా ముత్తాత పెద్ద నారపరెడ్డి. ఆయన కొడుకు సిద్ధారెడ్డి మా తాత. తాత కొడుకు కొండారెడ్డి మా నాయన. నాయనకు మగపిల్లలు లేరు కనుక ఆ వరసలో చివరి పేరు నాది, నాగరత్న. పెనుకొండలో కొండ అడుగున, పాత కోటగోడకు ఎదురుగా ఉన్న మా ఇంటిని ఊళ్ళో అందరూ పెద్దవాకిలి అనేవాళ్ళు. మమ్మల్ని పెద్దవాకిలోళ్ళు అనేవాళ్ళు. తేరు కదిలే ముందు మొదటి టెంకాయ మా ఇంటి మనిషే కొట్టాలి. గట్ల తగాదాలు మా అరుగు మీదే తీరాలి. దొరల కాలంలో జిల్లా అధికారి వచ్చి గుడారం వేసుకుంటే ఆయన గుర్రాలకు గడ్డి, ఆయన వంటవాడికి నెయ్యి మా ఇంటి నుంచే పోయేవి. ఇదంతా గొప్ప కోసం రాయడం లేదు. తర్వాత చెప్పబోయేది అర్థం కావాలంటే ముందు మేము ఎవరమో తెలియాలి.

ఆ ఇంటికి ఒక ఆచారం ఉండేది. ఊళ్ళోకి కాపురానికి ఎవరు కొత్తగా వచ్చినా, కోమటి కానీ కుమ్మరి కానీ బడిపంతులు కానీ, సామాన్లు దించుకున్న మరునాడు ఒక పళ్ళెంలో ఆకూ వక్కా పెట్టుకొని మా వాకిట్లోకి వచ్చేవాళ్ళు. తమ పేరు, ఊరు, చేసే పని, మూడూ చెప్పుకునేవాళ్ళు. తాత పళ్ళెంలోంచి ఒక ఆకు తీసుకునేవాడు. అంతే. ఆ ఆకు తీసుకున్నాక ఊళ్ళో వాళ్ళకు నీళ్ళు లేవనీ, చోటు లేదనీ ఎవరూ అనడానికి లేదు. అలా రాని మనిషితో ఊరు మాట్లాడేది కాదు. తాత ఆకు తీసుకునేటప్పుడు ముఖంలో నవ్వు ఉండేది కాదు, దర్పమూ ఉండేది కాదు. పొద్దున లేచి ముఖం కడుక్కున్నట్టు, చేయవలసిన పని కనుక చేసేవాడు.

ఈ సంగతి ఇప్పుడు జ్ఞాపకం రావడానికి కారణం నా మనవడు. బెంగళూరులో ఉద్యోగం. ఆ రద్దీ భరించలేక, హిందూపురం బయట ఎక్కడైనా స్థలం కొని ఇల్లు కట్టుకుంటానని నన్ను వెంటబెట్టుకొని పోయాడు. ఊరి బయట ఎర్రమట్టి చదును చేసి, తెల్లరాళ్ళు పాతి, గేటు పెట్టారు. స్థలం చూపించే కుర్రవాడు నాకు కుర్చీ వేసి, మర్యాదగా వంగి చెప్పాడు. "ఈడ అంతా మనోళ్ళే అవ్వా. బయటోళ్ళకు ఇచ్చేది లేదు. మీకు ఏ ఇబ్బందీ ఉండదు." మనోళ్ళంటే ఎవరప్పా అని అడిగాను. హాస్యమాడాననుకొని నవ్వి, గొంతు తగ్గించి మా కులం పేరు చెప్పాడు. నా మనవడు నా వైపు చూసి తల ఊపాడు. ముసలామెకు ఇది నచ్చుతుందని వాడి ఉద్దేశం. నేను లేచి కారులో కూర్చున్నాను. దారి పొడుగునా మా నాయనే కళ్ళ ముందు ఉన్నాడు.

పెద్దవాకిలి ఎలా పోయిందో వివరంగా చెప్పను. దాయాదుల వ్యాజ్యాలు, వరసగా ఎండిన ఏళ్ళు, చట్టం మారి పోయిన ఇనాములు, అన్నీ కలిశాయి. తాత పోయాక ఇల్లు దాయాదుల వాటాకు పోయింది. నాయన మమ్మల్ని తీసుకొని హిందూపురం వచ్చాడు. నయాపైసలు ఇంకా కొత్తగా ఉన్న రోజులు. బజారు మధ్యలో ఒక మండీ వెనక మూడు గదులు అద్దెకు తీసుకున్నాం. ముందు గదిలో నాయన, నడిమి గదిలో నాయన తల్లి, మా అవ్వ, వంటగదిలో అమ్మా నేనూ. తలుపు తీస్తే చింతపండు పులుపు, వేస్తే బెల్లం మగ్గిన వాసన. మిరపకాయల బస్తాలు దించిన రోజున అవ్వ చీరచెంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని సాయంత్రం దాకా దగ్గేది. నాయన ఆ మండీలోనే గుమాస్తాగా కుదిరాడు. ఆ మాట మాత్రం ఇంట్లో ఎవరూ పలికేవాళ్ళు కాదు. ఆయన పొద్దున తలపాగా చుట్టుకొని పోయేటప్పుడు అవ్వ "కొండా బజారుకు పోతాండాడు" అనేది. అమ్మ కూడా అదే అనేది. పనికి పోతున్నాడని ఎవరూ అనలేదు.

కొన్నాళ్ళకు ఆ గదులు సరుకు వేసుకోవడానికి కావాలని మండీ యజమాని ఖాళీ చేయమన్నాడు. మరి యాడికి పోవల్ల అన్నదే ఇంట్లో మాట. ధర్మవరంలో మా అత్త లక్ష్మమ్మ ఉంది. ఆమె భర్త వెంకటరెడ్డి మామ స్థితిపరుడు. వాళ్ళ వీధి మొత్తం మావాళ్ళే. వచ్చి మా దగ్గరే ఉండండని కబురు చేశాడు. చూసి వద్దామని అందరం రైలెక్కాం. ఇళ్ళల్లోంచి మగ్గాల చప్పుడు దాటుకొని వాళ్ళ వీధికి పోయాం. కాళ్ళకు నీళ్ళిచ్చారు, నేతితో భోజనం పెట్టారు, దేనికీ లోటు చేయలేదు. కానీ అరుగు మీదికి వచ్చిన ప్రతివాడికీ మామ మా నాయనను చూపించి, "మా బామ్మర్ది. పెద్దవాకిలోళ్ళు. పాపం, అంతా పోయింది. ఇంక మేమే చూసుకోవల్ల" అని చెప్పేవాడు. వచ్చినవాళ్ళు నిట్టూర్చి, ఒకప్పుడు మా ఇంట్లో పెళ్ళికి తాము ఏమి తిన్నారో మాకే చెప్పేవాళ్ళు. మామ దుర్మార్గుడు కాడు. నిజంగానే జాలిపడ్డాడు. నాయన అరుగు అంచున నిటారుగా కూర్చొని, అందరి మాటలకూ అవునని మాత్రం అన్నాడు. తిరుగు రైల్లో అవ్వ కిటికీలోంచి చూస్తూ, "ఆడ కూడు ఉండాది రా కొండా. కూసుండే చోటు లేదు" అంది. కూతురి ఇంట్లో తినడమే ఆమెకు కష్టం. ఆ పూట అంతకంటే కష్టమైంది చూసింది.

నాయన వెతుక్కొని వెతుక్కొని రైలు కట్ట అవతల ఒక ఇల్లు చూశాడు. అప్పుడు అది ఊరు కాదు. కట్టవతల కొట్టాలు అనేవాళ్ళు. కంది చేల మధ్య ఒక మట్టిదారి, అటూ ఇటూ కొన్ని బండల మిద్దెలు, కొన్ని బోదగడ్డి కప్పిన కొట్టాలు. బజారులో చోటు దొరకనివాళ్ళూ, బజారు పొమ్మన్నవాళ్ళూ అక్కడ చేరారు. దూది ఏకి పరుపులు కుట్టే దూదేకుల హుసేనప్ప, ధర్మవరం నుంచి మగ్గం విప్పుకొని వచ్చిన నారాయణప్ప, రైల్వే కూలీలు, మడకశిర వైపు కన్నడం మాట్లాడేవాళ్ళు, ఒక కిరస్తానీ పంతులు. ఏ ఇద్దరిదీ ఒక ఊరు కాదు, ఒక కులం కాదు. ఇంటి ఆసామి తలుపుల అనే ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరికి పోతున్న ముసలాయన. అద్దెకు ఇస్తానన్నాడే కానీ మీరెవరు, ఏమిటోళ్ళు అని నాయనను అడగలేదట. ఆ సంగతి నాయన ఇంటికొచ్చి రెండుసార్లు చెప్పాడు. అదే ఆయనకు నచ్చింది. మమ్మల్ని చూసి జాలిపడడానికి అక్కడ ఎవరికీ మా కథ తెలియదు.

బండి మీద సామాన్లతో పోయాం. పెద్దవాకిలి నుంచి మిగిలిన పొడుగాటి బల్ల ఒకటి, చెక్కడం పని చేసిన వీపు ఉన్నది, బండి మీద అందరికీ కనబడేటట్టు పోయింది. నాయన దాన్ని వాకిలి పక్కన వేయించాడు. మరునాడు ఉతికిన బట్ట కట్టుకొని, తలపాగా చుట్టుకొని దాని మీద కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడో మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు. మాకూ తెలుసు. మనుషులు వస్తారు. కొత్త చోట మొదట జరిగేది అదే కదా, ఎవరో ఒకరు పళ్ళెం పట్టుకొని రావడం.

ఎవరూ రాలేదు. పొద్దున హుసేనప్ప దూదేకే విల్లు టంగుమని మోగేది, నారాయణప్ప మగ్గం ఆడేది, పొయ్యిల పొగ లేచేది, రాగిసంగటి వాసన, చెనక్కాయలు వేయించిన వాసన వీధంతా వచ్చేది. మా ఇంటి ముందు నడిచేవాళ్ళు గొంతు తగ్గించి నడిచేవాళ్ళు. నేను బావి దగ్గరికి పోతే ఆడవాళ్ళు తోడుతున్న చేద ఆపి, పక్కకు జరిగి, నన్ను ముందు తోడుకోనిచ్చేవాళ్ళు. నా బిందె నిండే దాకా ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. నేను తిరిగి నాలుగు అడుగులు వేస్తే వెనక మళ్ళీ మాటలు, నవ్వులు మొదలయ్యేవి. మొదట్లో నాయన ఇది విని తల ఊపాడు, మర్యాద తెలిసిన జనమే అన్నాడు. రోజులు గడిచేకొద్దీ ఆ మర్యాదే మా ఇంటి చుట్టూ కంచెలాగా అయింది. అమ్మకు ఒకరోజు జ్వరం వస్తే కషాయానికి మిరియాలు లేవు. పక్కింట్లో అడగడానికి ఎవరికీ కాలు రాలేదు. నేను కట్ట దాటి బజారుకు పోయి తెచ్చాను. ఆ సాయంత్రం అమ్మ పడుకున్న చోటు నుంచే, "పిలిచేవాళ్ళు లేని చోట ఎట్ల బతికేది? ధర్మవరమే మేలు. ఆడ చచ్చినా నలుగురు వస్తారు" అంది. మరుసటి వారం వెంకటరెడ్డి మామకు కబురు పోయింది, బండి పంపమని. అవ్వ ఆ కబురు విన్నాక భోజనం దగ్గర సంగటి ముద్ద ముట్టకుండా లేచింది.

బండి రాకముందే వీధిలోకి కొత్త సంసారం ఒకటి దిగింది. రైలుపట్టాల మీద పనిచేసే మనిషి, అతని పెళ్ళాం పుట్టమ్మ, ఇద్దరు పిల్లలు. సామాను అంతా ఒక తట్టలో, ఒక మూటలో ఉంది. పొద్దు నడినెత్తికి రాకముందే వాళ్ళ గుమ్మంలో జనం. ఎవరో కట్టెలు తెచ్చారు, ఎవరో పిల్లలకు సంగటి పెట్టారు, నారాయణప్ప భార్య వాళ్ళ పొయ్యికి రాళ్ళు కూర్చింది. మండీకి సెలవు కనుక నాయన బల్ల మీద నుంచి అంతా చూశాడు. నేను గడపలో ఉన్నాను. ఆయన నా వైపు తిరగకుండానే, "కూలోళ్ళ ఇంటికి పోయినారు, మన ఇంటికి రాలేదు. మనం ఏం చేసినామే?" అన్నాడు. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడగా నేను అంతకుముందు వినలేదు.

నాకు రోషం వచ్చింది. బిందె తీసుకొని బావి దగ్గరికి పోయాను. హుసేనప్ప భార్య మస్తానమ్మ ఒక్కతే ఉంది. నన్ను చూసి ఎప్పటిలాగే పక్కకు జరిగింది. నేను చేద ముట్టకుండా నిలబడి, మా ఇంటికి మీరెవరూ ఎందుకు రాలేదని అడిగాను. ఆమె తెల్లబోయింది. నుదుటి మీద, కనుబొమల మీద దూది నూగు ఉంది. అది తుడుచుకుంటూ మెల్లగా చెప్పింది.

"ఎట్ల వచ్చేది అమ్మణ్ణీ? మీరు పెద్దోళ్ళు. పిలవంది ఎట్ల వచ్చేది? పుట్టమ్మ దిగీ దిగంగానే చాట కావల్లని మా ఇంట్లోకే వచ్చింది. నిప్పు కావల్లని వాళ్ళింటికి పోయింది. మీరు ఏదీ అడగలేదు. అన్నీ ఉండేవాళ్ళకు మేమేం తెచ్చి ఇచ్చేది?"

ఇంటికి వచ్చి ఆ మాటలు అట్లాగే అవ్వకు చెప్పాను. అవ్వ వక్క కత్తిరించే అడకత్తెర పక్కన పెట్టింది. తర్వాత లేచి వాకిట్లోకి పోయింది. మగవాళ్ళు కూర్చునే చోటికి ఆమె అలా పోవడం నేను అంతకుముందు చూడలేదు.

"కొండా, ఈ వీధికి కొత్తగా వచ్చిందెవురు? వాళ్ళా, మనమా?"

నాయన ఆమె ముఖంలోకి చూశాడు. ప్రశ్న అర్థమైనట్టు కనబడింది.

"కొత్తగా వచ్చినోళ్ళు కదా రా పళ్ళెం పట్టుకొని పోవల్సింది. మీ నాయన ముందరికి ఎంతమంది వచ్చినారు. నువ్వు ఈడ కూసోని ఎవురి కోసరం చూస్తాండావు?"

"పోతాలేమ్మా," అన్నాడు నాయన. "కానీ ఎవురింటికని పోయేది? ఈడ పెద్దవాకిలి యాడుండాదమ్మా?"

"లేదు. అందుకే అన్ని వాకిళ్ళకూ పో."

ఆ మధ్యాహ్నం అవ్వే పళ్ళెం తోమింది. బజారు నుంచి తెప్పించిన ఆకులు తడిబట్టతో తుడిచి, వక్కలు తనే కత్తిరించింది. నాయన తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. పళ్ళెం నేను పట్టుకున్నాను. మొదట నారాయణప్ప ఇల్లు. ఆయన గుంతమగ్గంలో కూర్చొని నేస్తున్నాడు. కాళ్ళు గుంతలో ఉంటాయి, నేలకు సమానంగా నడుము. పోగులు వదిలి పైకి లేవడానికి లేదు. మమ్మల్ని చూసి కంగారుపడి లేవబోయాడు. నాయన వద్దని చెయ్యి చూపాడు. నిలబడి ఆకు ఇవ్వాలంటే పైనుంచి కిందికి వంగి ఇవ్వాలి. నాయన ఒక క్షణం ఆగి, గుంత అంచున నేల మీద మఠం వేసుకొని కూర్చున్నాడు. అప్పుడు ఇద్దరి ముఖాలూ ఒక ఎత్తుకు వచ్చాయి. పేరు కొండారెడ్డి అన్నాడు. ఊరు పెనుకొండ అన్నాడు. మూడోది మిగిలింది. గొంతు సవరించుకొని, "చింతపండు మండీలో గుమాస్తా పని" అన్నాడు.

ఆ మాట ఆయన నోట వినడం నాకు అదే మొదలు. నారాయణప్పకు అది వింతగా తోచలేదు. బట్టతో చేతులు తుడుచుకొని ఒక ఆకు తీసుకున్నాడు. మండీలో బస్తాల గోనెలు పాతవి దొరుకుతాయా అప్పా అని అడిగాడు, వానాకాలం మగ్గం మీద కప్పడానికి. దొరుకుతాయని నాయన అన్నాడు. అంతే జరిగింది.

హుసేనప్ప ఇంట్లో గదంతా దూది లేస్తోంది. ఆయన విల్లు గోడకు ఆనించి, తల మీద గుడ్డ తీసేసి నిలబడ్డాడు. నాయన మళ్ళీ ఆ మూడూ చెప్పాడు. ఈసారి ఆగలేదు. హుసేనప్ప ఆకు కళ్ళకు అద్దుకొని తీసుకున్నాడు. "మీరు ఈడికి వచ్చినప్పటి నుంచి, పిలుస్తారేమోనని మా ఆడది కొత్త చీర మడత పెట్టుకొని కూసోని ఉండాది సామీ. ఇంక దాన్ని పెట్టెలో పెట్టచ్చు" అన్నాడు. మస్తానమ్మ తలుపు చాటు నుంచి ఊరుకోమని కసిరింది. ఆమె ఒక ఆకులో రెండు అరటిపళ్ళు, బెల్లం గడ్డ పెట్టి తెచ్చింది. తొక్క ఉన్న పండు, వాళ్ళ పొయ్యి మీద వండని బెల్లం. వేరే కులం ఇంట్లో వండిందీ నీళ్ళూ ముట్టని మా ఆచారం ఎరిగి, మమ్మల్ని ఇబ్బంది పెట్టకుండా ఎంచి తెచ్చిన మర్యాద అది. నాయనకు అది తెలిసింది. బావి దగ్గర మాకు వదిలిన దారి కూడా ఇట్లాంటిదే. ఆయన పళ్ళు తీసుకొని నా చేతికిచ్చి, "కొంచెం నీళ్ళు కావల్లప్పా" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. హుసేనప్ప భార్య వైపు చూశాడు. ఆమె లోపలికి పోయి చెంబు కడిగిన చప్పుడు చాలాసేపు వినబడింది. నాయన ఆ నీళ్ళు తాగాడు. తల ఎత్తి, మామూలుగా ఇంట్లో తాగినట్టే తాగాడు. ఆయన ఏదో త్యాగం చేసినట్టు నేను రాయను. దాహమై అడిగాడు, వాళ్ళు ఇచ్చారు, తాగాడు. దీపాలు పెట్టే వేళకు వీధిలో అన్ని ఇళ్ళూ అయ్యాయి. పుట్టమ్మ తన కన్నడం కలిసిన తెలుగులో, పట్టాల పని లేని రోజుల్లో మండీలో మా ఆయనకు పని దొరికితే దుడ్లు వస్తాయి కదా, కొంచెం చెప్పండని అడిగింది. మరునాడు పొద్దున బావి దగ్గర నాకోసం ఎవరూ జరగలేదు. నా వంతు వచ్చే దాకా బిందె పెట్టుకొని నిలబడ్డాను. మస్తానమ్మ మా అమ్మ జ్వరం సంగతి అడిగింది.

అవ్వ మాత్రం పోయే దాకా ఎవరింట్లోనూ మంచినీళ్ళు ముట్టలేదు. అది ఆమె నియమం, దాన్ని వదులుకోమని ఎవరూ అనలేదు. కానీ రోజూ మధ్యాహ్నం మస్తానమ్మ వాళ్ళ గడపలో పోయి కూర్చొని దూదిలో గింజలు ఏరేది. వక్కాకు ఇద్దరూ ఒకే సంచిలోంచి వేసుకునేవాళ్ళు.

తర్వాతి సంతనాటికి వెంకటరెడ్డి మామ బండితో తానే వచ్చాడు. సామాన్లు ఇంకా కట్టలేదేమని అడిగాడు. వీధి అటూ ఇటూ చూసి, మస్తానమ్మ మా వాకిట్లో చింతకాయ దంచుతుంటే చూసి, నాయనను పక్కకు పిలిచాడు.

"ఏమప్పా కొండారెడ్డీ, ఈ కొట్టాలల్లోనా నువ్వు ఉండేది? నీ ఇల్లేంది, ఈ మనుషులేంది? మా ఊర్లో నువ్వెవురో అందరికీ తెలుసు."

నాయన బల్ల మీద మామకు చోటు చూపించి, ఆయన కూర్చున్నాక చెప్పాడు. "ఈడ నేనెవురో నేనే చెప్పుకున్నా బావా. మీ ఊర్లో నువ్వు చెప్తాండావు. నాకు ఈడే బాగుండాది."

మామకు కోపం వచ్చింది. భోజనం చేయకుండానే బండి తిప్పుకొని పోయాడు. అత్తకు ఆ కష్టం చాలా ఏళ్ళు ఉండింది. మావాళ్ళల్లో మా పేరు ఎత్తేటప్పుడు అప్పటి నుంచి పాపం అనడం మానేశారు. వేరే మాటలు అన్నారు. అవి నాయనకు అంత బరువు కాలేదు.

ఇప్పుడు ఆ కట్టవతలి చేలు లేవు, ఆ మట్టిదారి ఊరి నడుమకు వచ్చేసింది. మిద్దెల మీద మిద్దెలు లేచాయి. ఇల్లు కొనేవాళ్ళు ముందుగా మనవాళ్ళెంతమంది అని అడుగుతున్నారు. చూపించేవాళ్ళు దాన్నే ముందు చెబుతున్నారు. ఆ కుర్రవాడు నాకు గొప్ప మర్యాద చేశాననే అనుకున్నాడు. పెద్దవాకిలి ఉన్న రోజుల్లో మేము ఎవరినీ మనవాళ్ళా అని అడిగి ఆకు తీసుకోలేదు. పడిపోయాక మమ్మల్నీ ఎవరూ అట్లా అడిగి నీళ్ళు ఇవ్వలేదు. పైనా కాక కిందా కాక నడిమిన ఉన్నవాళ్ళే ఎక్కువగా అడుగుతారని నాకు అనిపిస్తుంది. మనవడికి ఆ మాట చెప్పాను. గేటు లోపల భద్రం కదా అవ్వా అన్నాడు. భద్రమే, కాదనలేదు. ఎక్కడ ఉండాలో వాడు ఎంచుకుంటాడు. నేను ఆ గేటు లోపల ఉండనని మాత్రం చెప్పాను.

మేము కట్టవతల చేరిన మరుసటి ఏడు, తలుపుల ఊరికి పోయిన ఆసామి మేమున్న మిద్దె అమ్మేస్తానని కబురు పెట్టాడు. అది కొనడానికి నాయన రొద్దం దారిలో మా పేర మిగిలిన చివరి చేను, బావితో సహా, ఓబులదేవరచెరువు రైతు ఒకాయనకు అమ్మాడు.